పన్నెండు ఎపిసోడ్లలో ఏం పడుతుంది: ఒక అనిమే సీజన్‌ను వెనక్కి తిరిగి చూస్తే

క్లుప్తంగా

జపాన్ యానిమేషన్‌నే అనిమే అంటారు. కొత్త అనిమే సీజన్ మొదలవగానే పది పదిహేను సిరీస్‌లు మొదలుపెట్టడం, మూడు నెలలు తిరిగేసరికి మూడో నాలుగో మాత్రమే పూర్తిచేయడం చాలామంది ప్రేక్షకులకు మామూలే. ఓపిక తగ్గిందనీ, సిరీస్‌ల నాణ్యత పడిపోయిందనీ దీనికి కారణాలు చెప్పుకుంటారు. అసలు కారణం చాలావరకు సీజన్ కొలతలోనే ఉంది. పదమూడు వారాల గడువు, అందులో డబ్బు పెట్టినవారి అవసరం, బొమ్మలు గీసేవారికి దొరికే సమయం కలిసి ఏ సిరీస్ గుర్తుండాలో ముందే సగం తేల్చేస్తాయి. 2023 అక్టోబరు–డిసెంబరు సీజన్‌ను ఇక్కడ నమూనాగా తీసుకున్నాం. దుమ్ము సర్దుకుంది కాబట్టి ఏది నిలిచిందో, ఏది కొట్టుకుపోయిందో ఇప్పుడు తేలిగ్గా కనిపిస్తోంది.

మూడు నెలల గది

జపాన్ టీవీ ఏడాదిని నాలుగు ముక్కలుగా కోస్తుంది. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో కొత్త కార్యక్రమాలు మొదలవుతాయి. ఒక్కో ముక్కను అక్కడ ‘కూర్’ అంటారు. 52 వారాలను నాలుగుతో భాగిస్తే 13. అందులో ఒక వారం ఏ ప్రత్యేక కార్యక్రమానికో, పండగ సెలవులకో పోతే 12 మిగులుతాయి. అనిమే సిరీస్‌లు 12 లేదా 13 ఎపిసోడ్లు, కాదంటే దానికి రెట్టింపు ఉండటం వెనక ఇంతకు మించిన రహస్యం లేదు. ఆ అంకెను కథ అడగలేదు, క్యాలెండర్ ఇచ్చింది.

ఎపిసోడ్ లోపలి లెక్క ఇంకా ఇరుకు. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోను దక్కేది 24 నిమిషాలు. మొదటి పాటకు ఒకటిన్నర నిమిషం, చివరి పాటకు ఒకటిన్నర నిమిషం పోతాయి. వచ్చే వారం ప్రివ్యూ కూడా తీసేస్తే కథకు మిగిలేది ఇరవై నిమిషాలు. పన్నెండు ఎపిసోడ్లు కలిపినా నాలుగు గంటలే. మూడు నెలలు ఆ పాత్రలతో కలిసి తిరిగినట్టు అనిపిస్తుంది గానీ, చూసింది రెండు సినిమాలంత కథ. ఈ తేడా గుర్తుంచుకుంటే సీజన్ చివర్లో కలిగే అసంతృప్తిలో కొంత భాగం అర్థమవుతుంది.

మొదట్లో ఇలా ఉండేది కాదు. ప్రపంచానికి ‘ఆస్ట్రో బాయ్’గా తెలిసిన ‘టెట్సువాన్ ఆటమ్’ 1963 జనవరి 1న ఫుజీ టీవీలో మొదలై 1966 డిసెంబరు 31 దాకా 193 ఎపిసోడ్లు నడిచింది. వారం వారం అరగంట అనిమే అన్న పద్ధతి దానితోనే స్థిరపడింది. ఒసాము తెజుకా స్థాపించిన ముషి ప్రొడక్షన్ ఆ సిరీస్‌ను తయారీ ఖర్చు కంటే తక్కువకే టీవీకి ఇచ్చింది. లోటును ఆటబొమ్మలు, మిఠాయిల మీద పాత్ర ముద్ర హక్కులతోనూ, విదేశీ అమ్మకాలతోనూ పూడ్చుకుంది. వారానికో ఎపిసోడ్ అందించాలంటే బొమ్మల సంఖ్య తగ్గించక తప్పదు. సెకనుకు 24 ఫ్రేములు కదిలే తెర మీద ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు నిలిపి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపెట్టారు. మాట్లాడేటప్పుడు నోరొక్కటే కదులుతుంది, మొహం అలాగే ఉంటుంది. పొదుపు కోసం పుట్టిన ఈ పద్ధతే తర్వాత అనిమే శైలి అయింది. టీవీ ఇచ్చే డబ్బు చాలదు, మిగతాది బయట సంపాదించుకోవాలి అన్న సూత్రం కూడా అప్పుడు పడిందే, అరవై ఏళ్ల తర్వాతా మారలేదు.

సాయంత్రం స్లాట్లలో స్పాన్సర్ మాటే చెల్లేది. 1979లో వచ్చిన ‘మొబైల్ సూట్ గండమ్’ 52 ఎపిసోడ్లకు అనుకున్నది, రేటింగులూ స్పాన్సర్ ఆటబొమ్మల అమ్మకాలూ అనుకున్నంత లేక 43 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత పునఃప్రసారాలతో, ప్లాస్టిక్ నమూనాలతో అది చాలా పెద్దదైంది. సిరీస్ నడుస్తున్నప్పటి లెక్కా, వెనక్కి తిరిగి చూసినప్పటి లెక్కా ఒకటి కావనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం అక్కర్లేదు.

25 గంటల 30 నిమిషాలు

జపాన్ టీవీ కార్యక్రమాల పట్టికలో ‘25:30’ లాంటి అంకె చూసి తికమకపడే కొత్తవాళ్లు ఉంటారు. అది అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర. రోజు ఇంకా ముగియనట్టే లెక్క, అందుకే 24 తర్వాత 25. ఈ రోజు వచ్చే సిరీస్‌లలో పెద్ద వాటా ఈ వేళల్లోనే ప్రసారమవుతుంది. 2023 అక్టోబరులో మొదలైన ‘ది అపోథెకరీ డైరీస్’ నిప్పన్ టీవీలో శనివారం 24:55కి వచ్చేది, అంటే నిజానికి ఆదివారం తెల్లవారుజామున.

ఈ వేళలకు అనిమే చేరడంలో ‘నియాన్ జెనెసిస్ ఎవాంగెలియన్’ పాత్ర పెద్దది. 1995 అక్టోబరు నుంచి 1996 మార్చి దాకా టీవీ టోక్యోలో సాయంత్రం వేళ 26 ఎపిసోడ్లు వచ్చిన ఈ సిరీస్‌ను 1997లో అర్ధరాత్రి తిరిగి వేస్తే ఎవరూ ఊహించనంత మంది చూశారు. పిల్లల కోసం కాని కథలకు, ప్రకటనదారు పట్టించుకోని వేళల్లో ప్రేక్షకులున్నారని తేలింది.

అర్ధరాత్రి స్లాట్ ఆర్థికం పగటి దానికి తలకిందులుగా ఉంటుంది. మామూలు కార్యక్రమానికి టీవీ సంస్థ డబ్బిస్తుంది. ఇక్కడ చాలాసార్లు నిర్మాతలే స్లాట్ కొనుక్కుంటారు. ఆ నిర్మాతలంటే ఒక్క సంస్థ కాదు, ‘నిర్మాణ కమిటీ’. మూల కథను అచ్చువేసిన ప్రచురణ సంస్థ, పాటలు విడుదల చేసే మ్యూజిక్ కంపెనీ, ఆటబొమ్మలు చేసేవారు, టీవీ సంస్థ, విదేశీ హక్కులు అమ్మేవారు తలా కొంత పెట్టుబడి పెడతారు. ఎవరి రాబడి వారి దారిలో వస్తుంది. ప్రచురణ సంస్థకు మాంగా, అంటే జపాన్ కామిక్ పుస్తకం, అమ్ముడవాలి, మ్యూజిక్ కంపెనీకి ఓపెనింగ్ పాట మోగాలి. నష్టం వస్తే అందరూ పంచుకుంటారు కాబట్టి ఎవరూ మునగరు.

ఈ ఏర్పాటులో బొమ్మలు గీసే స్టూడియో చాలాసార్లు కమిటీలోనే ఉండదు. ఒప్పుకున్న మొత్తానికి పని చేసిచ్చే కాంట్రాక్టరు మాత్రమే. సిరీస్ ఊరూవాడా మోగిపోయినా స్టూడియోకు అదనంగా వచ్చేది తక్కువ. దీనికి మినహాయింపులు పేరు పెట్టి చెప్పుకునేంత తక్కువగా ఉన్నాయి. 2019 నాటి ‘డెమన్ స్లేయర్’ను నిర్మాణ సంస్థ అనిప్లెక్స్, ప్రచురణ సంస్థ షుయేషా, దాన్ని గీసిన స్టూడియో యుఫోటేబుల్ మూడే కలిసి నిర్మించాయి. 2022 అక్టోబరులో వచ్చిన ‘చైన్‌సా మ్యాన్’కు మాప్పా స్టూడియో మొత్తం పెట్టుబడి తానే పెట్టుకుంది.

అంటే కమిటీ దృష్టిలో పన్నెండు ఎపిసోడ్లు తమంతట తాము సరుకు కావు, వేరే సరుకుకు చేసే ప్రచారం. 2000ల చివర్లో ఆ సరుకు డిస్క్. రెండేసి ఎపిసోడ్లున్న బ్లూరే డిస్కులు ఎన్ని అమ్ముడయ్యాయన్న దాన్ని బట్టి రెండో సీజన్ వస్తుందా రాదా అని అభిమానులు జాతకాలు చెప్పేవారు. ఆ అమ్మకాలు క్షీణించాక ఆ స్థానంలోకి స్ట్రీమింగ్ హక్కులు వచ్చాయి.

మొదటి వారం తొక్కిసలాట

ఒక్కో సీజన్‌లో యాభైకి పైగా కొత్త సిరీస్‌లు, సీక్వెల్స్ ఒకే పది పదిహేను రోజుల్లో వచ్చి పడతాయి. ప్రేక్షకుడు అన్నీ చూడలేడు, వడపోత కావాలి. అలా పుట్టిందే ‘మూడు ఎపిసోడ్ల సూత్రం’. మూడు చూసి నచ్చకపోతే వదిలేయడం. 2011 జనవరిలో మొదలైన ‘మడోకా మాజికా’ ఈ మాటకు బాగా బలమిచ్చింది. రంగురంగుల మాయాబాలికల కథలా మొదలైన ఆ సిరీస్ మూడో ఎపిసోడ్ చివర్లో ఒక ముఖ్య పాత్రను చంపేసి, అసలు తను ఏ కథో బయటపెట్టింది. ఆ ఏడాది మార్చి భూకంపం వల్ల దాని చివరి రెండు ఎపిసోడ్లు ఏప్రిల్‌కు వాయిదా పడ్డాయి.

సూత్రం స్థిరపడ్డాక రచయితలు దానికి తగ్గట్టు రాయడం మొదలుపెట్టారు. మొదటి మూడు ఎపిసోడ్లలో ఏదో ఒక కుదుపు, లేదంటే కళ్లు చెదిరే పోరాటం. నెమ్మదిగా తెరుచుకునే కథలకు ఇది ఇబ్బంది. ఆ ఇబ్బందిని 2023లో టీవీ సంస్థలు ఒక పాత పద్ధతిలో దాటాయి, ఎక్కువ ఎపిసోడ్లు ఒకేసారి వేసేయడం. ఏప్రిల్‌లో ‘ఒషి నో కో’ మొదటి ఎపిసోడే 90 నిమిషాలు. అక్టోబరులో ‘అపోథెకరీ డైరీస్’ తొలి రోజు మూడు ఎపిసోడ్లతో వచ్చింది. వీటన్నిటికంటే పెద్ద పందెం ‘ఫ్రీరెన్’ది. సెప్టెంబరు 29న నిప్పన్ టీవీ తన శుక్రవారం రాత్రి తొమ్మిది గంటల సినిమా స్లాట్‌ను దానికిచ్చి, నాలుగు ఎపిసోడ్లను రెండు గంటల ప్రత్యేక ప్రసారంగా వేసింది.

నాలుగే ఎందుకో దగ్గర్నుంచి చూస్తే ఈ పద్ధతి అంతరార్థం తెలుస్తుంది. ‘ఫ్రీరెన్’ కథ మామూలు కథలు ముగిసే చోట మొదలవుతుంది. పదేళ్ల ప్రయాణం తర్వాత రాక్షసరాజును చంపి నలుగురు వీరులు నగరానికి తిరిగొస్తారు. యాభై ఏళ్లకోసారి వచ్చే ఉల్కాపాతాన్ని కలిసి చూస్తారు. ఇంకా బాగా కనిపించే చోటు తెలుసు, వచ్చేసారి అక్కడికి తీసుకెళ్తానని ఎల్ఫ్ (చాలా కాలం బతికే మాయాజాతి) అయిన ఫ్రీరెన్ మాటిచ్చి వెళ్లిపోతుంది. వెయ్యేళ్లకు పైగా బతికినదానికి యాభై ఏళ్లు ఒక లెక్క కాదు. మాట ప్రకారం తిరిగొచ్చేసరికి నాయకుడు హిమ్మెల్ పొట్టిగా, బట్టతలతో, గడ్డం పెరిగిన ముసలివాడు. ఉల్కలు చూస్తారు, తర్వాత అతను చనిపోతాడు. పదేళ్లు కలిసి తిరిగినా అతన్ని తెలుసుకునే ప్రయత్నమే చేయలేదని అంత్యక్రియల దగ్గర ఆమె ఏడుస్తుంది. ఇదంతా మొదటి ఎపిసోడ్‌లోనే.

రెండు, మూడు ఎపిసోడ్లలో శిష్యురాలు ఫెర్న్‌తో ప్రయాణం, చిన్న చిన్న ఊళ్లు, చిన్న చిన్న పనులు. ఎటు వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో ఇంకా తెలియదు. నాలుగో ఎపిసోడ్ చివరికి గానీ గమ్యం ఖరారు కాదు. చనిపోయినవారి ఆత్మలుండే చోటు ఉత్తరాన ఉందనీ, అక్కడికి వెళ్లి హిమ్మెల్‌తో మాట్లాడాలనీ అప్పుడే తేలుతుంది. వారానికొకటి చొప్పున వేసి ఉంటే, మూడు ఎపిసోడ్ల సూత్రం పాటించే ప్రేక్షకుడు సరిగ్గా గమ్యం తెలియకముందే దిగిపోయేవాడు. రెండు గంటల ప్రసారం ఆర్భాటం కోసం చేసినట్టు పైకి కనిపించినా, నిజానికది ఆ కథ నడకకు కట్టిన వంతెన.

ఎనిమిదో వారంలో ఏమవుతుంది

మొదటి ఎపిసోడ్ అద్భుతంగా ఉండి, ఏడో ఎనిమిదో వచ్చేసరికి మొహాలు వంకరపోవడం, దూరంగా నిలబడ్డ పాత్రలకు కళ్లూ ముక్కూ మాయమవడం అభిమానులకు బాగా తెలిసిన జబ్బు. బడ్జెట్ అయిపోయిందని వెక్కిరిస్తుంటారు. నిజానికి అయిపోయేది డబ్బు కాదు, సమయం.

ఒక ఎపిసోడ్‌లో సుమారు 300 షాట్లుంటాయి. కథను షాట్లుగా గీసుకునే స్టోరీబోర్డ్ తర్వాత ఒక్కో షాట్‌కు తెర మీద ఏది ఎక్కడుండాలో చూపే లేఅవుట్, కీలకమైన భంగిమల బొమ్మలు, వాటిని పాత్ర పోలికలు తప్పకుండా దిద్దే డ్రాయింగ్ దర్శకుడి పని, ఆ భంగిమల మధ్య కదలికను నింపే మధ్య బొమ్మలు, రంగులు, నేపథ్యం, అన్నిటినీ కలిపే కంపోజిటింగ్ వరుసగా జరగాలి. ఎపిసోడ్ మొత్తానికి మూడు వేల నుంచి ఐదు వేల బొమ్మలు అవసరమవుతాయి. కాగితం మీద గీసిన కాలంలో ఒక్కో షాట్ ఒక్కో కవరులో ఉండేది. ఇంటి దగ్గర గీసే ఫ్రీలాన్సర్ల నుంచి ఆ కవర్లు వసూలు చేయడానికి ప్రొడక్షన్ అసిస్టెంట్లు రాత్రంతా కారులో తిరిగేవారు. డిజిటల్ వచ్చాక తిరుగుడు తగ్గింది, వెంటపడటం తగ్గలేదు. మధ్య బొమ్మలు గీసేవారికి ఒక్కో బొమ్మకు దక్కేది రెండు వందల యెన్‌లకు అటూఇటూ అన్నది పరిశ్రమలో ఎప్పటినుంచో వినిపిస్తున్న మాట.

మొదటి ఎపిసోడ్ పని ప్రసారానికి చాలా నెలల ముందే మొదలవుతుంది. సిరీస్ మొదలైన రోజు నుంచి మాత్రం టీవీ గడియారం వెంటాడుతుంది. వారం వారం ఒకటి ఖర్చవుతుంటే, వారం వారం ఒకటి పూర్తికాదు. ముందు దాచుకున్న ఎపిసోడ్లు కరిగిపోతూ, సరిగ్గా మధ్యలో అడుగంటుతాయి. అక్కడ దారులు రెండే. ఉన్నదాన్ని ఉన్నట్టు వదలడం, లేదంటే పాత దృశ్యాలు అతికించి సారాంశ ఎపిసోడ్ వేయడం. 2021 జనవరి సీజన్‌లో ‘వండర్ ఎగ్ ప్రయారిటీ’ ఎనిమిదో వారం ఇలా సారాంశం వేసుకుంది. అసలు ముగింపును జూన్ చివర్లో విడిగా ప్రసారం చేయాల్సి వచ్చింది.

ఆలస్యం గొంతుల దాకా పాకుతుంది. డబ్బింగ్ రోజుకు బొమ్మలు పూర్తికాకపోవడం అక్కడ వింత కాదు. గరుకు గీతల మీద, పాత్ర పేరు రాసిన గుర్తు తెరపై కనిపించినంత సేపూ నటులు మాట్లాడతారు. ఆ పాత్ర మొహంలో ఏ భావం ఉంటుందో వాళ్లు ఊహించుకోవాల్సిందే. ఇంత చేసినా గొంతు, మొహం అతికినట్టు ఉంటాయంటే అది ఆ నటుల పనితనం.

2023 సీజన్‌లో దీనికి పెద్ద ఉదాహరణ ‘జుజుట్సు కైసెన్’ రెండో సీజన్. జులైలో ఐదు ఎపిసోడ్ల పూర్వకథ, ఆగస్టులో కొన్ని వారాల విరామం, ఆ తర్వాత డిసెంబరు చివరి దాకా టోక్యోలోని షిబుయాలో జరిగే కథ, మొత్తం 23 ఎపిసోడ్లు. నవంబరులో ఆ సిరీస్‌కు పనిచేసిన కొందరు యానిమేటర్లు గడువుల ఒత్తిడి గురించి సామాజిక మాధ్యమాల్లో బాహాటంగా రాశారు. విచిత్రమేమంటే అవే ఎపిసోడ్లను ప్రేక్షకులు ఆ ఏడాది అత్యుత్తమ పోరాట దృశ్యాల్లో లెక్కేశారు. చూసేవారి తృప్తిని బట్టి చేసేవారి పరిస్థితిని అంచనా కట్టలేమని ఆ రెండు నెలలు రుజువు చేశాయి.

మిగతాది పుస్తకంలో

సీజన్‌ను వెనక్కి తిరిగి చూసేటప్పుడు అందరికీ చిరాకు తెప్పించేది ముగింపు. కథ ఊపందుకోగానే పన్నెండో ఎపిసోడ్ వస్తుంది, దిగంతం వైపు నడిచే పాత్రల మీద పాట వినిపిస్తుంది, మిగతాది మూల పుస్తకంలో చదువుకోవాలి. కమిటీలో ప్రచురణ సంస్థ ఎందుకుందో గుర్తుంటే ఇది లోపం కాదని అర్థమవుతుంది, ఉద్దేశమే అది. కథ ముగిస్తే పుస్తకం ఎవరు కొంటారు?

ప్రతి సీజన్‌లోనూ వేరే లోకంలో పునర్జన్మ ఎత్తే కథలు అన్నేసి ఎందుకుంటాయన్న ప్రశ్నకూ జవాబు దగ్గర్లోనే ఉంది. ఎవరైనా నవలలు రాసి పెట్టుకోగల ‘షోసెట్సుకా ని నారో’ అనే జపాన్ వెబ్‌సైట్ 2004 నుంచీ ఉంది. అక్కడ ఆదరణ పొందినదాన్ని ప్రచురణ సంస్థ లైట్ నవలగా (బొమ్మలతో వచ్చే తేలికపాటి నవల) వేస్తుంది, తర్వాత మాంగా, తర్వాత అనిమే. పాఠకులున్నారని ముందే తెలుసు కాబట్టి కమిటీకి టెన్షన్ తక్కువ. వేల నవలల జాబితాలో శీర్షిక తప్ప కనిపించేదేమీ ఉండదు కనుక కథ మొత్తం శీర్షికలోనే చెప్పేసే అలవాటు కూడా అక్కడిదే.

ఈ నేపథ్యంలో 2023 సీజన్‌లోని కథలను ఎంత పుస్తకాన్ని ఎన్ని ఎపిసోడ్లలో పోశారన్న కొలతతో చూడొచ్చు. ‘ఫ్రీరెన్’ వరుసగా రెండు కూర్‌లు, 28 ఎపిసోడ్లు తీసుకుని మాంగాలో 60 అధ్యాయాలు చెప్పింది. అంటే ఎపిసోడ్‌కు రెండు అధ్యాయాలు. ఆ నిదానమే దానికి ప్రాణం. నాలుగు గంటల్లో కుక్కి ఉంటే హిమ్మెల్ జ్ఞాపకాలకు చోటే ఉండేది కాదు.

దీనికి పూర్తి ఎదురు కొస ‘మిగి అండ్ డాలి’. నామి సానో రాసిన ఈ మాంగా మొత్తం ఏడు సంపుటాలు. ఒకే పిల్లవాడిలా నటిస్తూ పెంపుడు ఇంట్లో చేరే కవలల కథ ఇది. వెర్రి హాస్యంతో మొదలై తల్లి హత్య వెనకున్న నిజం దాకా వెళ్తుంది. 13 ఎపిసోడ్లలో మొదలు నుంచి చివరి దాకా చెప్పేశారు. అమ్ముకోవాల్సిన ‘మిగతా కథ’ లేని సిరీస్ కాబట్టి ప్రచారంలో వెనకబడింది. ‘ఫ్రీరెన్’ నీడలో చాలామంది దాన్ని గమనించనేలేదు. అయితే ఆ సీజన్‌లో కొలతకు సరిగ్గా సరిపోయిన కథ ఏదంటే ముందు చెప్పాల్సింది దాన్నే.

మూల పుస్తకమే లేని కథలకు మరో రకం స్వేచ్ఛ ఉంటుంది. ఫార్ములా 4 రేసింగ్ చుట్టూ అల్లిన ‘ఓవర్‌టేక్!’ అదే సీజన్‌లో 12 ఎపిసోడ్ల స్వతంత్ర రచన. ఫొటోలు తీయలేకపోతున్న ఒక ఫొటోగ్రాఫర్, ఒక కుర్ర డ్రైవరు. కథను పన్నెండుకు కొలిచి రాశారు కనుక పన్నెండులో ముగిసింది. ఇలాంటివి తక్కువ రావడానికి కారణం ఊహించగలిగిందే, ముందే సిద్ధంగా ఉన్న పాఠకులు వీటికి ఉండరు.

ఒక్కసారిగా ఎనిమిది గంటలు

అక్టోబరు 26న నెట్‌ఫ్లిక్స్‌లో ‘ప్లూటో’ వచ్చింది. నవోకి ఉరసావా మాంగా ఎనిమిది సంపుటాలు, ఎపిసోడ్లూ ఎనిమిదే, ఒక్కోటి దాదాపు గంట. అన్నీ ఒకేరోజు విడుదల. ఈ కథకు మూలం 1963లో టీవీకెక్కిన ఆటమ్ మాంగాలోని ఒక ఘట్టమే. చౌక ధరకు, సెకనుకు ఎనిమిది బొమ్మలతో మొదలైన వారపు అనిమే పద్ధతికి వారసుడు, అరవై ఏళ్ల తర్వాత ఆ పద్ధతిని పూర్తిగా పక్కనపెట్టి వచ్చాడన్నమాట. ఇరవై నిమిషాల కత్తెర లేదు, వారం ఆగడం లేదు, మధ్యలో నాణ్యత పడిపోవడం లేదు.

మరి అది ‘ఫ్రీరెన్’ అంత చర్చ ఎందుకు రేపలేదు? విడుదలైన వారంలో అందరూ మాట్లాడారు, తర్వాత మాట ఆగిపోయింది. మొదటి రోజే మొత్తం చూసేసినవారు రెండో ఎపిసోడ్ దగ్గరున్న వారితో ఏమీ చెప్పలేరు. ఇది అంతకుముందే ‘జోజో’ సిరీస్ ఆరో భాగం ‘స్టోన్ ఓషన్’తో కనిపించింది. 2021 డిసెంబరులో 12 ఎపిసోడ్లు ఒకేసారి వేసి, తర్వాతి దఫాకు 2022 సెప్టెంబరు దాకా ఆపారు. అంతకు ముందు భాగాలు టీవీలో నెలల తరబడి వారం వారం చర్చ నడిపితే, ఈ భాగం నెలల తరబడి మౌనంగా ఉండిపోయింది. ఆ తర్వాత నెట్‌ఫ్లిక్స్ కూడా ‘డెలిషస్ ఇన్ డంజన్’ను 2024 జనవరి నుంచి, ‘డాన్‌డాడాన్’ను అదే ఏడాది అక్టోబరు నుంచి వారానికొకటి చొప్పునే వేసింది.

వారం ఎడం అనేది కేవలం ఆలస్యం కాదు. ఆ ఆరు రోజుల్లో ప్రేక్షకుడు చూసిందాన్ని మళ్లీ తలుచుకుంటాడు, ఇతరుల ఊహలు వింటాడు, పాట మళ్లీ వింటాడు. ఇరవై నిమిషాల సరుకు చుట్టూ గంటల కొద్దీ జ్ఞాపకం పేరుకుంటుంది. ‘ప్లూటో’ను మెచ్చనివారు తక్కువ. కానీ సీజన్‌ను తలుచుకునేటప్పుడు దాన్ని మర్చిపోయేవారు ఎక్కువ. ఆ సిరీస్ స్థాయికి ఇది న్యాయం కాదు, అయినా జ్ఞాపకం పనిచేసే తీరు అది.

లెక్క ఎటు మారుతోంది

జపాన్ అనిమేషన్ల సంఘం నివేదిక ప్రకారం 2023లో అనిమే మార్కెట్ మొత్తం 3.34 లక్షల కోట్ల యెన్‌లు. అందులో విదేశాల నుంచి వచ్చింది 1.72 లక్షల కోట్లు, స్వదేశంలో వచ్చింది 1.62 లక్షల కోట్లు. ఇది ఆటబొమ్మలు, సినిమా టికెట్లు, స్ట్రీమింగ్ అన్నీ కలిసిన లెక్క, స్టూడియోల చేతికొచ్చేది కాదు. ఏమైనా డబ్బు బరువు బయటి ప్రేక్షకుల వైపు జరిగింది. 2009లో ‘నరుటో షిప్పుడెన్’తో మొదలుపెట్టి జపాన్ ప్రసారం వెంటనే విదేశాల్లో చూపించిన స్ట్రీమింగ్ వేదిక క్రంచీరోల్‌ను, సోనీకి చెందిన అనిమే పంపిణీ సంస్థ ఫనిమేషన్ 2021లో 117.5 కోట్ల డాలర్లకు కొన్నది ఇందుకే.

దీని ప్రభావం ముందు కనిపించేది సీజన్ ఆకారంలో. అర్ధరాత్రి 24:55కి ఎందరు మేలుకున్నారన్నది కీలకం కానప్పుడు, ప్రసారాన్ని తగిన చోట విరిచి, ఊపిరి పీల్చుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు. ‘స్పై ఫ్యామిలీ’ మొదటి సీజన్‌ను 2022లో ఏప్రిల్‌కూ అక్టోబరుకూ చీల్చి వేశారు. రెండో సీజన్ 2023 డిసెంబరులో ముగుస్తుండగానే, అదే నెల 22న సినిమాను థియేటర్లకు పంపారు. అనిమే సిరీస్ ఇప్పుడు సినిమాకు ప్రచారం. ‘డెమన్ స్లేయర్’ 2020 సినిమా జపాన్‌లో 4,000 కోట్ల యెన్‌లు దాటాక ఈ దారి పట్టనివారు తక్కువ. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. విరామాలు దొరికితే ముగింపును సాగదీయడమూ సులువే. ‘అటాక్ ఆన్ టైటన్’ను ‘ఫైనల్ సీజన్’ అన్న పేరుతో 2020 డిసెంబరులో మొదలుపెట్టి 2023 నవంబరులో ముగించారు. ఒక్క ‘ఫైనల్’కు మూడేళ్లు!

స్టూడియోల మీద ప్రభావం ఇంత స్పష్టంగా లేదు. ఏడాదికి 300 దాటే సిరీస్‌లకు సరిపడా అనుభవమున్న యానిమేటర్లు లేరు. మంచి చేయి కలిగినవారిని ముందే కట్టిపడేసుకోవడానికి పోటీ పెరిగింది. సీక్వెల్స్ మధ్య ఎడం పెరగడానికి ఇదొక కారణం. ఎడం పెరిగితే బొమ్మలు బాగుంటాయి, ప్రేక్షకుడు మాత్రం కథ మర్చిపోతాడు.

తిరిగొచ్చినవి, రానివి

ఆ సీజన్ సిరీస్‌లలో చాలావాటికి కొనసాగింపు ఉంది. ‘అపోథెకరీ డైరీస్’ మొదటి భాగం 2024 మార్చిలో ముగిసింది, రెండోది పది నెలలకే, 2025 జనవరిలో వచ్చింది. ‘స్పై ఫ్యామిలీ’ మూడోసారి 2025 అక్టోబరులో వచ్చింది. ‘ఫ్రీరెన్’ తర్వాతి భాగానికి 2026 జనవరిని ఖరారు చేశారు, అంటే దాదాపు రెండేళ్ల ఎడం. ప్రతిసారీ పాత సీజన్‌ను మళ్లీ తవ్వి చూస్తారు, మళ్లీ మాట్లాడతారు. కాబట్టి 2023 అక్టోబరు అంటే గుర్తొచ్చే పేర్లు చాలావరకు ఇవే అవుతాయి.

తిరిగి రావాల్సిన అవసరం లేనివి మూడు. ‘ఓవర్‌టేక్!’ పన్నెండో వారంలో గీత దాటింది. ‘ప్లూటో’ ఎనిమిదో గంటలో ముగిసింది. ‘మిగి అండ్ డాలి’ ఏడు సంపుటాలూ పదమూడు ఎపిసోడ్లలో అయిపోయాయి. దాని రచయిత్రి నామి సానో 2023 ఆగస్టులో చనిపోయారు, మొదటి ఎపిసోడ్ అక్టోబరులో ప్రసారమైంది.